అల్లుడుగారికి తోడుగా రాజమండ్రి ఆపరేషన్‌కి

నా దస్తూరీ కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఎక్కువే. మన్నించాలి. ఊళ్లో అయిదో తరగతితో ఆపేశాను. నేను కాగితం మీద రాసిస్తే మా అమ్మాయి ఫోన్లో కొడుతోంది. ఇంటి సంగతి బయట పెట్టడం నాకు సిగ్గే. కానీ అమ్మాయీ అల్లుడుగారూ రాయమన్నారు. ఈ పని మీద వెళ్లేవాళ్లు ఎవర్నీ అడగలేక తికమక పడుతుంటారు కదా అని.

వాళ్లకి పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు. అమ్మాయి పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. అల్లుడుగారి వీర్యంలో కణాలు లేవని తేలింది. ఆపరేషన్ చేసి వెతుకుదామన్నారు రాజమండ్రి డాక్టరమ్మగారు. అల్లుడుగారు భార్యని వద్దని, నన్ను తోడు రమ్మన్నారు. వాళ్ల నాన్నగారుండగా నన్నెందుకో అర్థం కాలేదు.

మొగల్తూరు నుంచి తెల్లారగట్ల ఆటోలో నరసాపురం వెళ్లి రైలెక్కాను. భీమవరంలో అల్లుడుగారు ఎక్కారు. నిడదవోలులో దిగి రాజమండ్రి బండి కోసం గంటసేపు ఆగాలి. స్టేషన్ బయట ఇడ్లీలు తిందామన్నాను. ఖాళీ కడుపుతో రమ్మన్నారని ఆయన చెప్పారు. రక్తపరీక్షకేమో, ఒక్కటి తింటే ఏంటిలే అనుకున్నాను. అల్లుడికి పెట్టకుండా మావ తినడం మావైపు ఉండదు. "వద్దండి మావయ్యగారూ" అన్నారు రెండుసార్లు. ఇడ్లీలు తీసే ఆవిడ ఊరుకోలేదు. "అలిగారేంటండీ అల్లుడుగారూ? మావగారు పులస చేప పెట్టలేదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన తలొంచుకుని రెండు ఇడ్లీలు తినేశారు.

రాజమండ్రిలో తొమ్మిదిన్నరకి దిగాం. ఆటో ఎక్కి అల్లుడుగారు ఏదో పక్కవీధి పేరు చెప్పారు. డ్రైవరు అద్దంలో చూసి, "పిల్లల కోసం వెళ్లే ఆసుపత్రికేనాండీ? అందరూ ఆ పక్కవీధే చెప్తారు. ఎండలో నడవడం ఎందుకు, గుమ్మంలో దింపుతాలెండి" అన్నాడు. ఎనభై తీసుకున్నాడు.

డాక్టరమ్మగారి ముందు అల్లుడుగారు నోరు విప్పలేదు. నాకేమో తెలుసుకోవాలని ఉంది. మాది కాలువ చివర పొలం, నాకు తెలిసిన మాటల్లోనే అడిగాను: "తూము దగ్గర అడ్డమాండీ, పైనుంచే నీళ్లు రావట్లేదాండీ?" ఆవిడ నవ్వి, సరిగ్గా అదే తేడా అన్నారు. దారిలో అడ్డముంటే సూదితో కణాలు తీస్తారట, లేదంటే ఆ అడ్డాన్నే సరిచేస్తారట. కొందరికి వృషణాల దగ్గర సిరలు ఉబ్బితే వాటిని కడతారట. మా అల్లుడుగారికి కణాల పుట్టుకే తక్కువ. అందుకని వృషణం తెరిచి, మైక్రోస్కోపు కింద లోపలి దారాల్లాంటి గొట్టాల్లో కాస్త లావుగా ఉన్నవి ఏరి తీసి వెతుకుతారట. దొరికితే చల్లదనంలో దాచి, తర్వాత భార్య అండంలోకి ఒక్కో కణాన్నీ సూదితో ఎక్కిస్తారట. "దొరుకుతుందని మాత్రం మాటివ్వలేనండీ" అన్నారు.

తర్వాత మత్తు డాక్టరు వచ్చి, ఏమన్నా తిన్నారా అనడిగారు. అల్లుడుగారు నావైపు చూసి, "లేదండి" అన్నారు. "తిన్నారండీ, నేనే పెట్టాను" అన్నాను.

"మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది పెద్దాయనా!" అని కేకలేసి ఆపరేషన్ సాయంత్రానికి మార్చారు.

బయట బల్ల మీద కూర్చున్నాం. అబద్ధం ఎందుకాడారని అడిగాను.

"మీకు మాటొస్తుందనండి."

మళ్లీ ఆయనే అన్నారు. "ఏమీ దొరక్కపోతే మీ అమ్మాయిని మీతో తీసుకెళ్లిపోండి మావయ్యగారూ. నావల్ల తన జీవితం పాడవకూడదు. ఇది చెప్పడానికే మిమ్మల్ని రమ్మన్నాను."

"అమ్మాయినడిగారా?" అన్నాను.

"లేదండి."

"ముందు అడగండి."

ఫోన్ చేశారు. అమ్మాయి గొంతు నాక్కూడా వినపడింది. "నన్నడక్కుండా మా నాన్నకి అప్పజెప్పేస్తారా? నేనేమన్నా గేదెనా, తోలుకుపోవడానికి? ముందు ఆపరేషన్ అవ్వనీండి, మీ పని చెప్తా!" ఆయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏడ్చారో నేను చూడలేదు.

ఆపరేషన్‌కి మూడు గంటలు పట్టింది. రెండువైపులా వెతికారు. ఏమీ దొరకలేదు. లోపల్నుంచి తీసిన ముక్కని పరీక్షకి పంపాం, మళ్లీ వెతకొచ్చో లేదో ఆ రిపోర్టు చూసి చెప్తామన్నారు. దాత వీర్యం ఒక దారి, దత్తత ఒక దారి అని కూడా చెప్పారు. మర్నాడు మొదటి రైలుకే అమ్మాయి దిగింది. "కాస్త జరగండి" అని ఆయన మంచం మీదే కూర్చుంది. నేను బయటికొచ్చేశాను.

అంత సన్నటివి కంటికి చూపించే మిషను ఉందంటే నాకిప్పటికీ వింతగానే ఉంది. కానీ మొగుడూపెళ్లాలిద్దరూ మాట్లాడుకోకుండానే ఆపరేషన్ బల్ల దాకా వెళ్లారు, దొరకలేదన్న మాటని ఆయన ఒక్కరే మోసుకుని ఇంటికి పోదామనుకున్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందుకని వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తాను. దొరక్కపోతే ఏం చేద్దామన్నది భార్యాభర్తలిద్దరూ డాక్టరు ముందు కూర్చుని, ఆపరేషన్‌కి ముందే మాట్లాడుకోండి.

వచ్చే నెల వీళ్లు మళ్లీ వెళ్లి ఏ దారో చెప్పాలి. దాత ద్వారా బిడ్డని కన్నవాళ్లు, దత్తత తెచ్చుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే తొందరగా జవాబు రాయండి. చదివేది మా అమ్మాయే. కష్టం కూడా దాచకుండా రాయండి.