టోన్‌ను మోసిన మంగళవారం

పార్లమెంటుకు వెళ్ళకముందు మా పక్కింటి బేరెంట్ విస్సెలింక్ పాలక్యాన్ల లారీ నడిపేవాడు. మా గేటు దగ్గర క్యాన్లు ఎత్తుతూ రోడ్డు గుంతల గురించి, రాని బస్సు గురించి నా చెవిలో పోరుపెట్టేవాడు.

"నాకు చెబితే గుంతలు పూడతాయా? వెళ్ళి కౌన్సిల్లో చెప్పు" అన్నాను ఒకరోజు.

చెప్పాడు. రెండుసార్లు కౌన్సిలరయ్యాడు. తర్వాత పార్టీవాళ్ళు అతని పేరును పార్లమెంటు అభ్యర్థుల జాబితాలో ఎక్కడో అడుగున వేస్తే, మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ పైనున్న పెద్ద పేర్లను వదిలేసి, ఓటు కాగితం మీద ఆ అడుగు గడికే ఎర్ర పెన్సిల్ దిద్ది హేగ్‌లోని పార్లమెంటుకు పంపాయి.

పన్నెండేళ్ళు వెనక వరుసలోనే కూర్చున్నాడు. మంత్రి కాలేదు, కావాలనీ అనలేదు. అతని వంటింటి కిటికీ మా వంటింటికి ఎదురు. మా వైపు తెరలు వేసుకునే అలవాటు లేదు కనుక, ఏ శుక్రవారం ఈల వేస్తూ ఇల్లు చేరాడో, ఏ శుక్రవారం జున్నురొట్టె కొరక్కుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడో నాకు తెలుసు. రొట్టె కొరకని రోజులన్నిటికీ కారణం ఒకటే బిల్లు. చిన్న ఊళ్ళకు బస్సు ఉండి తీరాలన్న బిల్లు. దాని వెంట ఏడేళ్ళు తిరిగాడు.

చివరికి అది ఓటుకు వచ్చే వారమే మా వీధిలో టోన్ పోయాడు.

మాలో చావు కబురు ఇంటింటికీ చెప్పేది, రోజు కుదిర్చేది, శవపేటికకు తలవైపు భుజం పట్టేది, పూడ్చి వచ్చాక అందరికీ కాఫీ పోసేది చుట్టం కాదు, పక్కింటివాడు. టోన్‌కు ఒక పక్క బేరెంట్, ఇంకో పక్క పొలం. శనివారం సైకిలెక్కి ముప్ఫైనాలుగు ఇళ్ళకూ కబురు చెప్పాడు. "మంగళవారం పదింటికి" అని మా గుమ్మంలోనూ చెప్పాడు. టోన్ ఎలా పోయాడు, ఆఖరికి ఏమన్నాడు, ఏం తిన్నాడు, అన్నీ అడిగి పంపించాను. అతను వెళ్ళాక క్యాలెండర్‌లో మంగళవారం గడి చూశాను. చెప్పులైనా మార్చుకోకుండా పరుగెత్తాను.

"ఒరే బేరెంట్, పార్లమెంటులో ఓట్లు ఏ రోజురా?"

"మంగళవారాలు, మీనా అత్తా. అదేం ప్రశ్..." అని ఆగిపోయాడు.

"పన్నెండేళ్ళుగా మంగళవారం మంగళవారం చెయ్యెత్తడమేగా నీ ఉద్యోగం! అదే మర్చిపోయావా?"

"టోన్ పోయాడంటే నాకు వారాలు గుర్తుకు రాలేదత్తా."

మామూలుగా పార్టీకొక్కడు చెయ్యెత్తినా అందరి ఓట్లూ పడ్డట్టే. ఈసారి పేరు పేరునా పిలుస్తారట, మధ్యాహ్నం మూడింటికి. ఒక్కడు తగ్గినా బిల్లు నెగ్గదట.

"రోజు మార్చెయ్యరాదూ?"

"నా నోటితో ముప్ఫైనాలుగు ఇళ్ళకు చెప్పాను. హేగ్ దాదాపు మూడు గంటల దారి, పేటిక దింపి బయల్దేరితే అందుకుంటాను. కానీ కాఫీ ఎవరు పోస్తారు? పోయకుండా వెళ్ళిన పక్కింటివాడికి ఈ వీధిలో మొహమెక్కడిది?"



మంగళవారం వాన. తలవైపు బేరెంటే పట్టాడు, జారకుండా దింపాడు. పదకొండున్నరకు ఊరి హాల్లో, తడికోటు విప్పకుండానే కాఫీ కూజా అందుకుని టోన్ భార్య డీకా దగ్గరికి వెళ్ళాడు. ఆమె కప్పు మీద అరచెయ్యి మూసింది.

"ఇప్పుడు కాదు."

"డీకా వదినా, ఒక్క గుక్కైనా..."

"మా ఇంటి చావు, మా కాఫీ. నువ్వొచ్చి పోసేదాకా ఇక్కడెవరూ తాగరు. ఆస్పత్రికి బస్సు లేక నా మొగుడు రెండేళ్ళు ఊళ్ళోవాళ్ళ కార్లకోసం ఎదురుచూశాడు. వెళ్ళి ఆ సంగతి తేల్చుకుని రా."

మా అల్లుడు కారు తీశాడు. హాల్లో అరవైమంది ఎండుద్రాక్ష రొట్టె ముందు పెట్టుకుని, మజ్జిగ తాగుతూ కూర్చున్నాం.

"టోన్ బతికుండగా కూడా మీ ఇంట్లో కాఫీ ఆలస్యమే" అన్నాడు ముసలి గ్రాడ్స్.

"నీకు మజ్జిగే ఎక్కువ, తాగు" అంది డీకా.

మూడింటికి టీవీ పెట్టాం. పేర్లు ఒకటొకటే పిలుస్తున్నారు. వెనక వరుసలో అతని కుర్చీ ఖాళీ. నా చేతిలో రొట్టె నుజ్జయిపోయింది. "విస్సెలింక్" అని పిలిచేసరికి తలుపు దగ్గర నిలబడి రొప్పుతున్న మనిషి కనబడ్డాడు. బూట్లకు మా శ్మశానం మట్టి.

"అనుకూలం!"

డెబ్బై అయిదు, డెబ్బైనాలుగు: బిల్లు నెగ్గింది. హాల్లో పెట్టిన కేకకు తలుపు దగ్గర గొడుగులు పడిపోయాయి. చావు రోజున కేకలేమిటని ఎవరూ అనలేదు.

ఆరింటికి వచ్చాడు. నలుగురైదుగురు పాలు పితకడానికి వెళ్ళి మళ్ళీ వచ్చారు, మిగిలినవాళ్ళు కదల్లేదు. కూజా ఎత్తి మొదట డీకాకు పోశాడు.

"మూడుసార్లు కాచారు, తారులా ఉంది వదినా."

ఆమె తాగి మొహం చిట్లించింది. కప్పు మళ్ళీ ముందుకు చాచింది.

"టోన్ వాటా కూడా పొయ్యి."

మరుసటి ఎన్నికకు పేరిమ్మన్నా బేరెంట్ ఇవ్వలేదు. ఇప్పుడు ఆ బిల్లు వల్ల మా ఊరికి మళ్ళీ వచ్చిన చిన్న బస్సు నడుపుతున్నాడు, జీతం లేకుండా, మంగళవారాలు. పదింటికి డీకా ఎక్కుతుంది, శ్మశానం దగ్గర దిగుతుంది.