పదును చూసే చెయ్యి

నా చేతుల గురించి ఎవరూ ఎప్పుడూ మంచిమాట అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎగ్జిమా. చలికాలం పగిలి నెత్తురొచ్చేవి, వానాకాలం రసి కారేవి, ఎండాకాలం ఊరికే దురద పెట్టేవి. పెళ్ళిచూపుల్లో మా అమ్మ చేతులు కొంగులో దాచుకోమంది. దాచుకున్నాను. మా అత్తమ్మ ఊరుకుంటుందా, కొంగు పక్కకు జరిపి చూసింది. "పగిలితే పగిలినయ్ తియ్యి. పని చేస్తయా లేదా?" అంది. ఆ రోజు నుంచీ ఆమె అంటే నాకు భయమూ, ఇష్టమూ.

మా ఇల్లు జహీరాబాద్‌లో, చేను మొగుడంపల్లి దారిలో. ఎర్రనేల. తొలివాన పడ్డాక తడి ఎంత లోతుకు దిగిందో చూడటాన్ని పదును చూడటం అంటాం. పైతడికే మురిసి విత్తితే మొలక వచ్చినట్టే వచ్చి మాడిపోతుంది. మావి తరాలుగా ఇంట్లో దాచుకుంటున్న కంది, సజ్జ విత్తనాలు, పోతే బజార్లో దొరికేవి కావు. అందుకే పదును చూసే మనిషి మాటకు ఇంట్లో ఎదురుండదు. ఆ మనిషి అత్తమ్మ. మణికట్టు దాకా చెయ్యి మట్టిలోకి దించి, కళ్ళు మూసుకుని, ఔనో కాదో చెప్పేది. షుగర్ వచ్చి ఆమె వేళ్ళు మొద్దుబారాక ఆ పని నాకిచ్చింది. ఆమె చర్మం నున్నగా ఉంది గానీ స్పర్శ పోయింది. నా చర్మం పగిలిపోయింది గానీ గాలి తగిలినా తెలుస్తుంది. ఎవరూ మెచ్చని చేతులకు దక్కిన ఒకే ఒక్క గౌరవం అది. దానికి నేనెంత గర్వపడ్డానో పైకి చెప్పలేదు.

చేనుకు పోయినప్పుడల్లా తడిమట్టి అరచేతులకు పూసుకునేదాన్ని. చల్లగా ఉండి దురద తగ్గేది. "మన్ను తల్లసొంటిది బిడ్డా, దాన్ని మించిన దవ ఏమున్నది" అనేది అత్తమ్మ. మిగతా రోజుల్లో మెడికల్ షాపు ట్యూబు ఉండనే ఉంది.

రెండేళ్ళ కిందటి వానాకాలంలో కుడి అరచేతి పగులులో ఒక కురుపు లేచింది. కురుపులు నాకు కొత్తా? పట్టించుకోలేదు. అది మానక ముందే మణికట్టు మీద ఒక గడ్డ, దాని పైన ఇంకొకటి, పూసలు గుచ్చినట్టు వరసగా మోచేతి దాకా ఎక్కాయి. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకరు టీబీ అన్నారు, ఒకరు క్యాన్సరన్నారు, ఒకావిడ ఏమీ అనకుండా ఏడ్చింది, దానికే నాకు ఒళ్ళు మండింది. మా ఆయన "ఫికర్ చెయ్యకు" అన్నాడు, ఆ అనే ముఖంలో నెత్తురుచుక్క లేదు. జహీరాబాద్ డాక్టరు గారు మందులు మార్చి మార్చి చూసి, చివరికి ఉన్నమాట చెప్పారు: "ఇది మామూలు చీము కాదమ్మా. ఎముకలోకి దిగితే వేళ్ళు దక్కుతాయని చెప్పలేను. హైదరాబాద్ వెళ్ళండి."

బస్సులో కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళు సతాయించిన చెయ్యి, పోతే పీడా పోయిందనుకోవచ్చు కదా. అనుకోలేకపోయాను. దాని మీద నాకింత ప్రేమ ఉందని అప్పుడే తెలిసింది.

అక్కడి చర్మవైద్యురాలు గడ్డలోంచి చిన్నముక్క తీసి పరీక్షకు పంపింది. మామూలు సూక్ష్మజీవులైతే తెల్లారేసరికి పెరుగుతాయట. ఇది తీరుబడిగా పెరిగే రకమేమోనని ల్యాబువాళ్ళను ఎక్కువ రోజులు ఆగి చూడమని ముందే చెప్పింది. మళ్ళీ వెళ్ళేసరికి వాటిని పెంచిన గాజుగిన్నె మూత కింద తెల్లగా, ముడతలు పడి, ఎండిన సున్నపు చుక్కల్లా ఉన్నాయి. "నొకార్డియా. మట్టిలో ఉంటుంది. బాగున్న చర్మాన్ని దాటి రాలేదు. మీకు ఏళ్ళ తరబడి పగుళ్ళు తెరిచే ఉన్నాయి, పైన ఆ ట్యూబులోని స్టెరాయిడ్ ఒంటి కాపలావాణ్ణి నిద్రపుచ్చింది. మీ నుంచి ఎవరికీ అంటదు, భయపడకండి" అంది. తరువాత నన్ను సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టింది.

చూశాను. సన్నని దారాలు, దారాల్లోంచి కొమ్మలు, కొమ్మల్లోంచి ఇంకా సన్నని కొమ్మలు. తడిగుడ్డలో మూటగట్టిన కందిగింజల వేర్లను ఎన్నిసార్లు చూడలేదు? అచ్చం అలాగే. నా చేతిలో ఏదో వేళ్ళూనుకుంది! భయపడాలి కదా, అంత అందంగా ఉందేమిటని నోరు తెరిచాను.

"దీని మూత తీస్తే తొలకరి వాసన వస్తుంది. తీయకూడదు, నా మాట నమ్మండి" అని నవ్వింది డాక్టరమ్మ. "వాన పడగానే మట్టి వాసన వస్తుంది చూడండి, అది దీని చుట్టాలు చేసే పనే. మీకివ్వబోయే సూదిమందు కూడా మొదట అలాంటి మట్టిజీవి నుంచే పుట్టింది." రోగమూ, మందూ, వాన వాసనా ఒకే ఇంటివా? పుట్టినప్పటి నుంచీ ఆ మట్టిలోనే తిరుగుతూ నాకేమీ తెలియదు.

కొన్ని వారాలు సూదులు, నెలల తరబడి మాత్రలు. గడ్డలు ఒక్కొక్కటే కరిగాయి. వేళ్ళు దక్కాయి. కానీ ఇక ఉత్తచేతులతో మట్టి ముట్టొద్దంది డాక్టరమ్మ.

అత్తమ్మకు చెప్పడమే కష్టమైంది. మట్టిని కళ్ళకద్దుకునే మనిషికి, ఆ మట్టే నన్నిట్లా చేసిందని ఎట్లా చెప్పను? చెప్పేశాను. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని మచ్చల్ని తడిమింది.

"దానికేమెరుక బిడ్డా, నువ్వు మనిషివని? పగిలిన జాగ దొరికింది, మొలిచింది. నిన్ను గూడ చేనే అనుకున్నది" అంది.

మరుసటి ఏడు మిరుగు కార్తె తొలివాన పడింది. రబ్బరు తొడుగు వేసుకుని చేలో కూర్చున్నాను. దుప్పటి కప్పుకుని స్నానం చేసినట్టే ఉంది, తడీ తెలియదు, పొడీ తెలియదు. విత్తే గొర్రు పట్టుకుని మా ఆయన గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంతా చేసి చెయ్యి దక్కింది గానీ దాని పని పోయింది.

అత్తమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా పక్కన కూలబడింది. గాజులు పైకి జరుపుకుని తన చెయ్యి మట్టిలోకి దించింది. "నాకు తడి తెల్వది గని, చెయ్యైతే సాపుగున్నది, పగుల్లేదు. నువ్వు చెప్పు" అని, అడుగు నుంచి ఒక పెళ్ళ తీసి నా ముఖం ముందు విరిచింది.

గుప్పున వాసన. ఆ వాసన వెనక ఎవరున్నారో ఇప్పుడు నాకు తెలుసు. తడి అందిన మట్టిలోనే అది లేస్తుంది.

"ఇంకా లోతుకు పో అత్తమ్మా" అన్నాను. పోయింది. అక్కడిదీ విరిచింది. అదే వాసన.

"పదునయింది" అన్నాను.

"ఇత్తుండ్రి" అని గట్టు వైపు కేకేసింది అత్తమ్మ, చెయ్యి ఇంకా మట్టిలోనే ఉంచి.