నీళ్ళు పోసే వంతు

మా మామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను జనగామ బస్టాండులో పాలకుర్తి బస్సు కోసం నిలబడి ఉన్నాను. భూపాలపల్లి నుంచి మా ఆడబిడ్డ. "వదినా, బాపు లేడే" అంది. ఏడుస్తూనే ఉంది. కూతురిని చూసి వస్తానని పోయిన మనిషి. పొద్దున చాయ తాగి, వాకిట్లో కుర్చీ వేసుకుని, అల్లుడికి కవయ్య కథ చెప్తూ చెప్తూ నడుమ ఆగాడట. కథలో ఆయన అట్లా ఆగడం అందరికీ అలవాటే కనుక, తర్వాతి మాట కోసం అల్లుడు చాలాసేపు ఎదురుచూశాడట.

ఆయన పోయిన సంగతి తెలిసి ఈ పత్రికవాళ్ళు అడిగారు. "కవయ్య కథకు మీ మామగారు పెట్టింది పేరు. ఆయన భక్తి గురించి నాలుగు మాటలు రాయండమ్మా" అన్నారు. రాస్తానన్నాను. కానీ ముందే చెప్తున్నాను, ఇది వాళ్ళు అడిగిన నాలుగు మాటలు కాదు. మా మామ గొప్పతనం చదువుదామని కూర్చున్నవాళ్ళు నన్ను తిట్టుకున్నా సరే. ఆయన సగం బతుకు సిగ్గుతో బతికాడు. ఆ సిగ్గును వదిలేసి ఆయన గురించి రాస్తే అది ఇంకెవరి గురించో అవుతుంది.

కవయ్య ఎవరో తెలియని వాళ్ళ కోసం కొంచెం. పాలకుర్తి అవతల మా ఊళ్ళో ఎన్నో తరాల కిందట ఎవుసం చేసుకుని బతికిన భక్తుడాయన. నాగలి వెనక నడుస్తూ శివుడి మీద పదాలు కట్టేవాడట. ఒకసారి మోట కొడుతూ పదంలో పడి ఎద్దుల్ని విప్పేశాడు, అయినా మడి తడిసేదాకా మోట దానంతట అదే నడిచిందని చెప్తారు. ఇంకోసారి తాటాకుల కట్ట మొత్తం మేక తినేసింది. భార్య కర్ర తీస్తే ఆపి, "శివుడే చదువుకున్నాడులే" అని మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నాడట. ఆ మేక ఆ తర్వాత సోమవారం నాడు మేత ముట్టలేదని కూడా అంటారు. నేను మరిపెడ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఈ ముక్క విని పడీపడీ నవ్వితే మా మామ కోపం తెచ్చుకోలేదు. "మేక సంగతి నాకు గూడ అనుమానమే బిడ్డా" అన్నాడు.

చివరికి ఒకరోజు మిట్టమధ్యాహ్నం కవయ్య పొలానికి పోయాడు, తిరిగి రాలేదు. వెతకబోతే గట్టు మీద కర్ర, రుమాలు ఉన్నాయి, మనిషి లేడు. శివుడు తీసుకుపోయాడన్నారు. పాత కథ అక్కడితో సరి. ఎందుకు పోయాడు, ఎట్లా పోయాడు అని అందులో లేదు.

ఆ గట్టు మీదే ఇప్పుడు కవయ్య గద్దె ఉంది. ఏటా కోతలయ్యాక ఊరంతా అక్కడ చేరుతుంది. కథ చెప్పే వంతు మా ఇంటిది. తర్వాత బంతి భోజనాలు. ఒకరింటిది కూరగాయలు తరిగే వంతు, ఒకరిది పొయ్యి, ఒకరిది విస్తళ్ళు. నీళ్ళు పోసే వంతు మాత్రం బావి పక్క ఇంటిది. ఎవరు పెట్టారో తెలియదు, బావి దగ్గర కాబట్టి వాళ్ళకు వచ్చి ఉంటుంది. తరతరాలుగా ఆ ఇంటి ఆడవాళ్ళు చెంబు పట్టుకుని బంతిలో తిరిగేవాళ్ళు.

మా మామ కథ చెప్పడం చూడాలి! చెప్పులు విడిచి, నోట్లో లవంగం వేసుకుని, రుమాలు నడుముకు బిగించి నిలబడ్డాడంటే పిల్లలు కూడా కిక్కురుమనేవాళ్ళు కారు. మేక దగ్గరికి వచ్చేసరికి ముందు కూర్చున్న ఎవరో ఒక ఆడమనిషి వైపు చూసి, "గది నీ మేకనే అక్కా, జర కట్టేస్కో" అనేవాడు. అంతా గొల్లుమనేవాళ్ళు. నాకు ఒకసారి చెప్పాడు: "కథ చెప్పేటోడు ముందుగాల ఏడ్వద్దు బిడ్డా. మనమే ఏడిస్తె వాళ్ళకేం మిగుల్తది?"

వాళ్ళను ఏడిపించాలనే ఆశే ఆయన్ను ముంచింది.

నా పెళ్ళికి ముందు సంగతి ఇది. ఆ ఏడు పక్క ఊళ్ళో ఎవరిదో ఎన్నికల మీటింగు, అక్కడ బిర్యానీ పెడుతున్నారని కబురు. మా మామ కథ సగంలో ఉండగానే జనం ఒక్కరొక్కరే దులుపుకుని లేస్తున్నారు. ఏదో ఒకటి చెప్పి ఆపాలి. చెప్పాడు. కవయ్య ఆ రోజు పొలానికి పోయే ముందు ఒక ఇంటి ముందు ఆగి నీళ్ళడిగాడని, "లేవు పో" అని ఆ ఇంటివాళ్ళు తలుపేశారని, గొంతెండి, ఒక్క మాట అనకుండా, ఆ ఎండలో నడిచిపోయాడని. జనం మళ్ళీ కూర్చున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఊపులో మా మామ చెయ్యి లేచింది. "ఏ ఇల్లనుకున్నరు? గో, గా ఇల్లే!" అన్నాడు. ఎదురుగా కనబడుతున్నది బావి పక్క ఇల్లు.

ఆ ఇంటి కోడలు అప్పుడు అక్కడే ఉంది. భోజనాల కోసం చెంబు కడుగుతోంది. మేక ముచ్చట లాగే ఇదీ ఏదో పరాచికం అనుకుని ముందు ఆమే నవ్విందట. బంతి కూర్చున్నాక ఆమె చెంబు వంచబోతే ఒక ముసలాయన గ్లాసు మీద చెయ్యి పెట్టి, "వద్దులే బిడ్డా" అన్నాడు. మరుసటి ఏటికి నీళ్ళ వంతు ఇంకో ఇంటికి పోయింది. వాళ్ళకు ఎంగిలి విస్తళ్ళు ఎత్తే వంతు వచ్చింది. ఎవరూ పంచాయతీ పెట్టలేదు, ఎవరూ తీర్పు చెప్పలేదు. అట్లా జరిగిపోయిందంతే.

నేను కాపురానికి వచ్చేనాటికి అది "నీళ్ళియ్యని ఇల్లు" అయి కూర్చుంది. వాడకట్టు ఆడవాళ్ళు నాకు ఊరి మర్యాదలన్నీ చెప్తూ ఇదీ చెప్పారు, ఆ ఇంట్లో నీళ్ళు తాగొద్దని. ఇంటికొచ్చి మా మామను అడిగాను. "మామా, నువ్వు చెప్పే కథల గా ఇల్లు లేదు గదా, మరి వీళ్ళేంది గిట్లంటున్నరు?" ఆయన తింటున్న కంచం పక్కకు జరిపాడు. "గది నా నోటి పాపం బిడ్డా. నేనే పుట్టించిన. సెయ్యి ఎటు లేసిందో సూసుకోలే" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేను కూడా అప్పటికే ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు తల తిప్పుకుంటున్నాను మరి!

దిద్దుకోవాలని ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. ఆ మాట అన్న మరుసటి ఏడే గద్దె ముందు నిలబడి, "నేను అబద్ధం చెప్పిన, గా ఇంటోళ్ళ తప్పు లేదు" అన్నాడు. ఏమైందనుకున్నారు? చప్పట్లు! "సూసినవా, గా ఇంటోళ్ళ పరువు కాపాడనీకి నింద తన మీదేసుకుంటుండు, ఎంత పెద్ద మనసు" అన్నారు. తర్వాత ఆ ముక్క వదిలేసి చెప్తే వెనక నుంచి ఎవరో ఒకరు "నీళ్ళ ముచ్చట మర్సినవ్ కాకా" అని అందుకునేవాళ్ళు. ఒక ఎండాకాలం చుట్టుపక్కల బావులన్నీ ఎండినట్టే ఆ బావీ ఎండింది. కవయ్య శాపం అన్నారు. చెరువు నిండి బావి మళ్ళీ ఊరితే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. గద్దె గోడ మీద బొమ్మ కూడా వేయించారు. దోసిలి పట్టిన కవయ్య, మూసిన తలుపు, పక్కన బావి. మా మామ ఒక తెల్లవారుజామున పోయి దానికి సున్నం కొట్టి వచ్చాడు. ఊరివాళ్ళు ఈసారి సున్నానికి లొంగని ఆయిల్ పెయింటుతో ఇంకా పెద్దగా వేయించారు.

ఆ ఇంటి కోడలిని నేను అక్కా అంటాను. ఆమె కొడుక్కి మహబూబాబాద్ వైపు సంబంధం ఒకటి కుదిరినట్టే కుదిరి ఆగింది. పిల్ల మేనమామ ఈ మాట విన్నాడట. మా మామ బస్సెక్కి పోయి వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడి, అది తన అబద్ధం అని చెప్పాడు. "మీరు భక్తులు, మీరట్లనే అంటరు" అని చాయ పోసి పంపారు. ఆ రోజు తిరిగొచ్చి అన్నాడు: "అబద్ధం చెప్తె ఒక్కసారికే నమ్మిండ్రు. నిజం చెప్తె నాకు దండం పెడుతుండ్రు. ఇంకేం జెయ్యాలె బిడ్డా?"

చివరికి ఆయనకు మిగిలింది ఒక్కటే. రోజూ పాలకుర్తి ఆటో ఎక్కేముందు ఆ ఇంటి ముందు రోడ్డు మీద నిలబడి నీళ్ళడిగి తాగేవాడు. అందరికీ కనబడాలని తలెత్తి, గుటకలు వినబడేటట్టు తాగేవాడు. దప్పిక లేకపోయినా సరే. ఒకరోజు నేను పక్కనే ఉన్నాను. ఆ అక్క చెంబు అందుకుంటూ అంది: "నువ్వు తాగితె ఏమొస్తది కాకా, నీ మాట ఊరంత తాగింది." ఆయన మూతి తుడుచుకోవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఆమె ఎప్పుడూ నీళ్ళు కాదనలేదు, ఒక్కసారి కూడా "పోనీలే కాకా" అనలేదు. అనకపోవడమే న్యాయం అని మా మామ అనేవాడు.

శవాన్ని భూపాలపల్లి నుంచి తెచ్చాక ఊరు ఊరంతా వచ్చింది. ఒకాయన మైకు పట్టుకున్నాడు. "నీళ్ళియ్యని ఇంట్ల గూడ నీళ్ళు తాగి వాళ్ళ పాపం కడిగిన మహానుభావుడు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ అక్క ఆడవాళ్ళ వెనక నిలబడి వింటోంది. నేను లేచాను, నోరు తెరిచాను, ఈలోగా డప్పులు మొదలయ్యాయి. డప్పులు ఆపమనవచ్చు. కోడలిని, ఇంటిదాన్ని, ఆపమంటే ఆపేవాళ్ళు. నేను ఆపమనలేదు. బంధువులంతా ఉన్నారు, శవం ముందు గొడవెందుకు అనుకున్నాను. ఎంత సుఖమైన ఆలోచనో చూడండి.

ఆ సిగ్గు తట్టుకోలేక దినాలకు ముందు ఆ ఇంటికి పోయాను. మా ఇంటి కార్యం, మా ఇంట్లో వంతులు నా ఇష్టం కదా.

"అక్కా, రేపు బంతిల నీళ్ళు నువ్వే పొయ్యాలె."

"ఎందుకు పిల్లా? మీ మామ పానంతోటి ఉన్నప్పుడే కాలే గది."

"గట్లనన్న ఆయన మనసు..."

"ఆయన ముచ్చట ఇడువు. ఆయనకు గాదు, నాకు గావాలె. గా వంతు మా అత్తది, వాళ్ళత్తది. వస్త."

వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తోమిన చెంబు, నిండు బిందె పట్టుకుని వచ్చింది. మొదటి బంతి కూర్చుంది. ఆమె ఈ చివరి విస్తరి దగ్గర వంగింది.

"ఉన్నయి అక్కా" అన్నాడు అతను మర్యాదగా, పక్కనున్న నీళ్ళ సీసా చూపించి.

తర్వాతి విస్తరి. "ఉన్నయమ్మా." ఆ తర్వాతిది. "వద్దక్కా, సీసా ఉన్నది." మా ఆయన పాలకుర్తి నుంచి నీళ్ళ సీసాలు తెప్పించి ప్రతి విస్తరి పక్కన ఒకటి పెట్టించాడు. ఈ కాలంలో ఏ దినాలకైనా అంతే, ఆయనను తప్పు పట్టడానికి లేదు. నాకే ఆ ఆలోచన రాలేదు. కథ నమ్మి వద్దన్నవాళ్ళెవరో, సీసా ఉండి వద్దన్నవాళ్ళెవరో తెలిసే దారి లేదు. కథే వినని మా మరిపెడ చుట్టాలు కూడా వద్దన్నారు. ఒక్కరూ మొహం చిట్లించలేదు, ఒక్కరూ పుల్లవిరుపు మాట అనలేదు. ఆమె బంతి ఆ చివరికి చేరింది. చెంబు ఎంత నిండుగా తీసుకుందో అంత నిండుగానే ఉంది.

ఇది చదివి మీలో కొందరు, మామకు తగ్గ కోడలు, తప్పు ఒప్పుకుని ఆ ఇంటిని నిలబెడుతోంది అంటారేమోనని నాకు భయంగా ఉంది. దయచేసి అనకండి. ఆ తర్వాత ఏమైందో కూడా వినండి.

నేను పరుగున పోయాను. ఏం చెప్పాలో తెలియదు, ఏదో ఒకటి చెప్పాలి. "అక్కా, సీసాల సంగతి నాకు..." అన్నాను.

"నీళ్ళు మంచిగున్నయి పిల్లా. పొద్దుగాల్నే తోడిన" అందామె.

అని నా చేతి వైపు చూసింది. నేనూ చూసుకున్నాను. పొద్దుటి నుంచి తిరుగుతున్నదాన్ని, ఎప్పుడు తీసుకున్నానో, ఎప్పుడు మూత విప్పానో, నా చేతిలో సగం తాగిన సీసా.

దాన్ని వీపు వెనక్కి దాచుకున్నాను. మొదటి బంతి లేచింది, విస్తళ్ళు ఎత్తారు, రెండో బంతి వాళ్ళు వచ్చి కూర్చున్నారు, కుర్రవాళ్ళు ఒక్కొక్కరి ముందు ఒక్కో సీసా పెడుతూ పోయారు. వాళ్ళ వెనకే ఆమె కొంగు నడుముకు దోపుకుని, చెంబు పట్టుకుని, మళ్ళీ మొదటి విస్తరి దగ్గరికి వెళ్ళి వంగింది.