మిషను మోత కింద చెప్పిన మాట

కాజాలక్క దేవుడి మాటలు చెప్పి చెప్పి మిషను బాబాయిని కొట్లోంచి తరిమేసిందని మన వీధిలో ఒకటే చెప్పుకుంటున్నారు. పాల దుకాణం దగ్గర నిలబడ్డా అదే, మందుల షాపు దగ్గర నిలబడ్డా అదే. అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ కొట్లో కూర్చున్నారా? నేను కూర్చున్నాను. ఇస్త్రీ బల్ల నాదే. జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి. ఆ మనిషి లేచిపోయింది ఆవిడ చెప్పినందుకు కాదు. చెప్పనందుకు.

మాది బట్టలు కుట్టే కొట్టు. కటింగు మాస్టారు కత్తిరిస్తాడు, కొట్టూ ఆయనదే. మోటారు మిషను మీద బాబాయి కుడతాడు. చొక్కాకి గుండీలు పట్టే కన్నాలుంటాయి చూశారా, వాటినే కాజాలంటాం. అవి చేత్తో కుట్టేది కాజాలక్క, ఆ పేరూ అందుకే. దారానికి మైనం రాసి, వేలికి ఇత్తడి తొడుగు తగిలించుకుని తల వంచిందంటే మళ్ళీ భోజనం వేళకే ఎత్తడం. పనికి వంక పెట్టడానికి లేదు. నోరే లేదు పాపం. "మా కోడలు దగ్గాలన్నా పక్కింటివాళ్ళని అడిగి దగ్గుతుంది" అని అత్తగారు నలుగురిలో అనేది. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. అప్పట్నించీ అత్తకి కోడలు, కోడలికి అత్త, అంతే.

ఆవిడ విశ్వాసి. ఆదివారం ప్రార్థనకి వెళ్ళడం ఏనాడూ మానలేదు. అక్కడ పాస్టరుగారు ఒక మాట పదే పదే చెప్పేవారట. మనకి దొరికిన ప్రభువుని మన దగ్గరే దాచుకోకూడదు, పక్కవాడికి చెప్పాలి, అది తీరికుంటే చేసే పని కాదు, మన మీదున్న బాధ్యత అని. ఆ మాట ఈవిడ గుండెల్లో నాటుకుంది. పక్కవాడంటే ఎవరు? చెయ్యి చాపితే తగిలేంత దూరంలో మిషను బాబాయి.

కానీ ఆవిడ పనిలో చేరిన రోజే మాస్టారు చెప్పేశాడు. "అమ్మాయ్, దేవుళ్ళ సంగతులు గుమ్మం బయట. లోపల సూదీ దారం సంగతే." ఈవిడకా అసలే బెరుకు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. బాబాయి మిషను ఆడిస్తున్నప్పుడు ఆ మోత కింద చిన్నగా చెప్పేది. మిషను ఆగితే ఆగేది. మళ్ళీ మొదలైతే ఎక్కడ వదిలిందో అక్కడ అందుకునేది. ఇస్త్రీ బల్ల దగ్గర నాకు పెదాలు కదలడం ఒక్కటే కనిపించేది. బాబాయేమో తల ఊపుతూ ఉండేవాడు. అది చూసి ఆవిడకి కొండంత ధైర్యం. "ఎవరికైనా చెబుతున్నావా అమ్మా?" అని పాస్టరుగారు అడిగితే, "మా మిషనన్నకి చెబుతూనే ఉన్నానండి, చక్కగా వింటున్నాడు" అనేదట. సంఘంలో ఆయన కోసం ప్రార్థనలు కూడా చేసేవారు. ఇలా ఏళ్ళకేళ్ళు గడిచిపోయాయి.

ఇంతలో బాబాయి కూతురికి జబ్బు చేసింది. తల్లి లేని పిల్ల. మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, "అత్తా, మా నాన్న తినకుండా కుడుతూ కూచుంటాడు, నువ్వే చూడాలి" అని కాజాలక్కకి అప్పజెప్పి పోయేది. అలాంటి పిల్ల మంచం పట్టి, చిక్కి చిక్కి, చివరికి పోయింది. అది మంచంలో ఉన్నన్నాళ్ళూ బాబాయి కాసేపు కొట్లో, కాసేపు ఇంట్లో. వచ్చినంతసేపూ మిషను ఆపేవాడు కాదు, ఆపితే ఏడుపొస్తుందని. పక్కన ఈవిడ పెదాలూ ఆగేవి కావు.

పిల్ల పోయాక కొన్నాళ్ళకి మళ్ళీ కొట్టుకొచ్చాడు. పలకరిస్తే పలకలేదు, నేరుగా మిషను ముందు కూచున్నాడు. మిషను మొదలైంది, ఈవిడా మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషను టక్కున ఆగింది. ఆవిడ గొంతు ఆగలేదు.

"...ఇన్నిసార్లు చెప్పాను కదన్నా, ప్రభువు నిన్ను వదలడని..."

కొట్టంతా వినపడింది. మాస్టారు చేతిలో కత్తెర ఆగిపోయింది. బాబాయి ఇటు తిరిగాడు.

"ఏం చెప్పావు చెల్లాయ్? ఎప్పుడు?"

"రోజూ చెబుతూనే ఉన్నాను కదన్నా. నువ్వు తల ఊపేవాడివి."

"నేనా? కుడుతుంటే తల ఊగుతుందమ్మా, నాకది అలవాటు. నువ్వు కాజాలు లెక్కపెట్టుకుంటున్నావనుకున్నా."

మాస్టారు కిసుక్కున నవ్వాడు. "బాగుంది సంబరం! ఇన్నేళ్ళూ కుట్టు మిషనుకి సువార్త చెప్పావన్నమాట. మారుమనసు పొందిందా మరి?"

ఆయన నవ్వు ఆయనతోనే పోయింది. కాజాలక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నా, నా బిడ్డ పోయినప్పుడు నేనూ నీలాగే..."

"నీకు బిడ్డ పోయిందా?"

అప్పటిదాకా మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

"పేరన్నా పెట్టుకోకుండానే పోయిందన్నా. నేను తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే, ప్రార్థన మందిరం మెట్లు కడిగే ఆవిడ రోజూ వచ్చి నా పక్కన కూచుంది. ప్రభువు కూడా స్నేహితుడి సమాధి దగ్గర నిలబడి ఏడ్చాడు, నీతో కూడా ఏడుస్తున్నాడు అని చెప్పింది. ఆ మాట పట్టుకునే లేచాను."

బాబాయి మిషను మీంచి చెయ్యి తీశాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "అయితే నీ దగ్గర ఇంత మాట ఉందన్నమాట. నా పిల్ల, 'నాన్నా, భయమేస్తోంది, చచ్చిపోతే ఎక్కడికెళ్తాం' అనడిగితే నా దగ్గర జవాబు లేక తల తిప్పుకున్నాను. నువ్వేమో పక్కనే కూచుని... నాకు చెప్పడానికి భయమైతే దానికైనా చెప్పకపోయావా? నిన్ను అత్తా అని పిలిచేది కదమ్మా."

లేచాడు. సగం కుట్టిన చొక్కా మిషను సూది కిందే ఉంది. వెళ్ళిపోయాడు. ఇదీ జరిగింది.

ఆ సాయంత్రం ఆవిడ పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తింది. "మీరొచ్చి చెప్పండయ్యా, నా వల్ల కాదు" అని కాళ్ళావేళ్ళా పడింది. ఆయన, "నేనూ వస్తాను తల్లీ. కానీ ఆయన అడిగింది నన్ను కాదు, నిన్ను" అన్నారు. వచ్చారు కూడా, తలుపు కొట్టారు. బాబాయి తియ్యలేదు.

ఆయన గది చెప్పుల దుకాణం పైన, మెట్లన్నీ ఎక్కాక కొసన. కాజాలక్క అప్పట్నించీ క్యారియరు గుమ్మం ముందు పెట్టి మెట్ల మీద కూచుంటోంది. తోడు నేనూ వెళ్ళాను. మొదట్లో ఉత్త పెదాలే కదిలేవి. మోత కింద తప్ప ఆ మాటలు పలికి ఎరగదు కదా. వీధిలో లారీ పోతుంటే నాలుగు ముక్కలు చెబుతుంది, లారీ దాటిపోగానే నోరు పడిపోతుంది.

లోపల్నించి కేక వినపడింది. "మళ్ళీ గొణుగుడేనా? పో చెల్లాయ్, నన్ను చంపకు."

అప్పుడు అరిచింది. ఆవిడ గొంతు అంత ఉంటుందని నాకూ తెలియదు. "అన్నా! నేను పిరికిదాన్ని! నన్ను చూసి ఆయన లేడనుకోకు! నీ పిల్ల అడిగినదానికి జవాబుందన్నా! ఆ భయం తీర్చేవాడు ఉన్నాడు, చావులోకి వెళ్ళి తిరిగొచ్చాడు! నేనే చెప్పలేదు, పాపం నాది, ఆయనది కాదు!"

మూడు వాకిళ్ళు తెరుచుకున్నాయి, బాబాయిది తప్ప. పక్క గది ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "ఏమ్మా, బిడ్డ పోయినవాణ్ణి ఏడవనివ్వవా? మతం మార్చడానికి ఇదా సమయం?"

"మార్చడం నా చేతిలో లేదక్కా. చెప్పడం ఒక్కటే నా పని. అది కూడా ఆలస్యం చేసుకున్నాను."

మర్నాడు క్యారియరు సగం ఖాళీ అయి గుమ్మం బయట ఉంది. ఆవిడ దాన్ని గుండెలకి హత్తుకుని ఏడ్చింది. ఆ ఒక్క సగానికే.

ఇప్పుడు కొత్త సంగతి. బాబాయి నెలాఖరుకి గది ఖాళీ చేస్తానన్నాడట. ఎక్కడికని వాచ్‌మన్ అడిగితే, "నాకు తెలిస్తే కదా నీకు చెప్పడానికి" అన్నాడట. అప్పట్నించీ కాజాలక్కకి నిద్ర లేదు. ఆ మనిషి ఈ చీకటి మోసుకుని జాడ లేకుండా పోతే ఇక ఎవరు చెబుతారు, ఎక్కడని వెతికి చెబుతారు? కాజాలు పేరుకుపోయాయని మాస్టారు కబురు పెట్టినా వెళ్ళడం లేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. అత్తగారు సీసాతో నీళ్ళు పట్టుకొచ్చి కింది మెట్టు మీద కూచుని సణుగుతోంది. "అప్పుడు నోరు విప్పవే అంటే విప్పలేదు. ఇప్పుడు వీధి వీధంతా వినేట్టు అరుస్తావు. కానియ్యి, ఆ నీళ్ళు తాగి కానియ్యి."

నా మోకాళ్ళు రెండు రోజులుగా ఆ మెట్లు ఎక్కనివ్వడం లేదు. మీలో ఎవరైనా చెప్పుల దుకాణం వైపు వెళ్తే పైకెక్కి చూడండి. ఆవిడ అక్కడే ఉంటుంది. తిట్టేవాళ్ళుంటే కాస్త ఆగమనండి. గొంతు బొత్తిగా పోయుంటే పక్కన కూచోండి, ఆవిడ గుసగుసగా చెప్పింది మీరు తలుపు దగ్గర గట్టిగా చెప్పండి. తలుపు తీశాడో లేదో చూసి, నాకో మాట చెప్పిపోండి.