కానుగ నీడ కోసం రాసిన అర్జీ

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డ బజారు నడుమ ఖాళీ జాగాలో ఒకే ఒక్క కానుగ చెట్టు ఉండేది. దాని కింద మా అమ్మ, ఓబులమ్మత్త, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు ఆకుకూరల గంపలు పెట్టుకునేవాళ్లు. గోగాకు, చుక్కాకు... ఎండ తగిలితే గంటలో వాడిపోయే సరుకు. నీడ ఎటు జరిగితే గంపలు అటు జరిగేవి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్త. అడిగితే ఇస్తారని అందరికీ ఆశ. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. అయ్యవారు అర్జీ రాయడం నేర్పిన రోజే చెట్టు కింద కాగితం తీశాను.

"ఏం రాస్తాండావ్ మే?" అంది అమ్మ.

"ఈడ ఇంగా చెట్లు నాటి తోట చేయమని రాస్తాండామ్మా. అప్పుడు అందరికీ నీడే."

ఓబులమ్మత్త పకపకా నవ్వింది. "నీ కూతురు కలెక్టరైతాది లే వదినా! ఏదీ, నా ఏలు పట్టుకో మే. బాగా నల్లగా పడాల, దొరకు కనపడాల!"

ఎనిమిది వేలిముద్రలు... కింద నా సంతకం ఒక్కటి.

అర్జీ ఫలించింది. ఎండాకాలం ముందు పంచాయతీ మనుషులొచ్చి జాగా చుట్టూ ముళ్లకంచె వేశారు. మొక్కలు నాటారు. గంపలవాళ్లను లేపి, రోడ్డుకు అవతల మొండిగోడ పక్కకు పొమ్మన్నారు. కంచెకు ఒక బోర్డు కట్టారు. అది చదివి చెప్పాల్సింది నేనే...

"గంపలతో లోపలికి రాకూడదు."

"మనం అడిగిన తోటే గదా మే?" అంది ఓబులమ్మత్త. ఈసారి నవ్వలేదు.

తడి గోనెపట్ట కప్పినా మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుపోయేది. లోపల మొక్కలకూ నీళ్లు పోసే దిక్కు లేదు. ఒకరోజు కంచె సందులోంచి చెంబుతో పోయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ నీళ్లు ఆకు మీద చల్లు మే. రేపు తినల్ల గదా మనం."

ఆ ఎండలకు మొక్కలన్నీ చచ్చిపోయాయి. తోట ఎట్లాగూ కాలేదు కదా అని, మరుసటేడు ఆ జాగాలో దుకాణాలు కట్టారు. అడ్డంగా ఉందని కానుగనూ కొట్టేశారు.

కానుగ కూలిన పూట కూడా అమ్మ గోనెపట్ట తడిపి ఆకు మీద కప్పింది.

ఇప్పుడు నంద్యాలలో టీచరు చదువు చదువుతున్నాను. రేపు పిల్లలకు అర్జీ రాయడం నేనే నేర్పాలి. సెలవులకు బస్సు దిగేసరికి అమ్మ ఇంకా ఆ గోడ పక్కనే, నెత్తిన కొంగు వేసుకొని ఉంటుంది. అక్కడికి నీడ వచ్చేది పొద్దు వాలాక... గంప ఎత్తే వేళకు.

మీ ఊరి నడిబజారులో ఒక్క చెట్టయినా మిగిలి ఉందా? ఉంటే దాని కింద ఎవరు కూర్చుంటారో నాకు చెప్పండి... అర్జీ మాత్రం ఎవరికీ రాయకండి.