మొక్కు లేని ప్రయాణం

ఎదురింటి అక్క పోయిందన్న కబురు వాళ్ళ మరిది రోజా తోట నుంచే ఫోన్లో చెప్పాడు. పొద్దున్నే కోతకు దిగిందట. మొదటి గంప నిండకముందే సాళ్ళ మధ్య కూర్చుండిపోయింది, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

మా వీధి మాత్రం వేరే కారణం కనిపెట్టింది. ఆ వయసులో సముద్రం దాటి తిరిగొచ్చింది, అది ఒంటికి పడలేదు అంటున్నారు. ఏళ్ళ తరబడి హోసూరు మంచులో నడుం వంచి పూలు కోసినప్పుడు ఎవరికీ గుర్తురాని ఒళ్ళు, వారాంతంలో ఒక సరస్సు చూసి వచ్చేసరికి గుర్తొచ్చింది. నాకు దుఃఖం ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. అందుకే ఆ ప్రయాణం సంగతి ఉన్నదున్నట్టు మీకు చెబుతాను.

భర్త పోయాక తోట మొత్తం అక్కే చూసుకుంది. అన్నం నిలబడే తినేది. ఎవరో ఒకరు పిలుస్తారు, మళ్ళీ లేవాలి కదా అనేది. సాయంత్రాలు మాత్రం ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆమె, నేను, మా వీధిలోనే ఉంటూ సూళగిరి బడిలో పనిచేసే టీచరమ్మ, ముగ్గురం కెలవరపల్లి డ్యాం వైపు నడిచేవాళ్ళం. వానలు పడితే అక్కడ నీళ్ళ మీద నురగ గుట్టలుగా లేస్తుంది, వాసన చెప్పనలవి కాదు. ఒక సాయంత్రం అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఆగిపోయింది.

"పెండ్లయి వచ్చినప్పట్నించి ఈ నీళ్ళే చూస్తా ఉండాను. తేటగా ఉండే నీళ్ళు ఒగసారి చూడాలమ్మా. పనేమీ లేకుండా కూచోని చూడాల."

టీచరమ్మ ఫోన్ తీసి నువారా ఎలియా సరస్సు ఫోటో చూపించింది. శ్రీలంక కొండల్లో, చుట్టూ టీ తోటలు. బెంగళూరు నుంచి విమానం ఉంది, అక్కడ మనకు వచ్చిన తమిళం చెల్లుతుంది. అక్క ఆ ఫోటోను చాలాసేపు చూసింది.

మా వైపు ఆడవాళ్ళు ఇల్లు కదలాలంటే దేవుడి పేరు కావాలి. ఊటీ చూడాలని ఉన్నా దారిలో ఏ గుడి ఉందో వెతుక్కుని, ఇంట్లో ఆ గుడి పేరే చెబుతాం. శ్రీలంకలోనే కదిర్గామంలో పేరున్న మురుగన్ గుడి ఉంది కాబట్టి నేనూ అదే ఉపాయం చెప్పాను. "కదిర్గామం మురుగన్‌కి మొక్కు ఉందని చెప్పక్కా. ఎవురూ నోరెత్తరు."

"మురుగన్‌ని ఎందుకు ఇరికిస్తావు, పాపం? నాకు పోవాలని ఉంది, పోతాను."

మరిదికీ అదే చెప్పింది. "ఏ కోవిలు వదినా?" అని అడిగాడు ఆయన.

"కోవిలు కాదప్పా, చెరువు."

"చెరువుకోసరం అంత దూరమా? మనకి ఈడ లేదా?"

"ఉంది. అది చూసేసినాను కదా."

ముగ్గురం కొలంబోలో దిగాక పాస్‌పోర్టు చూసే ఆఫీసరు ఎందుకు వచ్చారని తమిళంలో అడిగాడు. నీళ్ళు చూడ్డానికి అంది అక్క. అతను నవ్వి ముద్ర కొట్టాడు.

ఆ సరస్సులో హంస ఆకారంలో తొక్కుడు పడవలు ఉంటాయి. అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైన లైఫ్ జాకెట్ బిగించి ముందు సీట్లో కూర్చుంది. టీచరమ్మ వెనక సీట్లో కళ్ళు మూసుకుని కమ్మీని పట్టుకుంది. నడిమధ్యకు వెళ్ళాక అక్క తొక్కడం ఆపేసి, ఒళ్ళో పొట్లం విప్పి మా ఇద్దరికీ ఉడికిన వేరుశనగలు పంచింది. తను కూర్చునే తింది. "ఈడ నన్ను పిలిచేవాళ్ళు ఎవురూ లేరు" అని తల వెనక్కి వాల్చి నిద్రపోయింది. ఒడ్డున పడవలవాడు టైం అయిందని ఈల వేశాడు. మేము కదల్లేదు. అంత హాయిగా నిద్రపోయిన మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

అక్క పోయిన పదకొండో రోజు బంధువులంతా పంక్తిలో కూర్చున్నారు. మరిది వడ్డిస్తూ అన్నాడు. "మా వదిన పుణ్యాత్మురాలు. పోయే ముందు కదిర్గామం పోయి మురుగన్‌ని చూసుకోని వచ్చింది."

పెద్దవాళ్ళు తలలు ఊపారు. ఆయన చెడ్డవాడు కాదు. వీధి మాటల నుంచి వదినను కాపాడాలని చూశాడు. కానీ అక్క బతికుండగా చెప్పనన్న అబద్ధాన్ని ఆమె పోయాక ఆమెకు అంటగడుతుంటే నేను చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాను.

"లేదప్పా. మేము ఏ కోవిలికీ పోలేదు. చెరువులో పడవ తొక్కినాము. అక్క పట్టపగలు పడవలో నిద్రపోయింది."

"నేనూ ఆడే ఉండాను" అంది టీచరమ్మ.

మరిది చేతిలో బకెట్ పట్టుకుని నిలబడిపోయాడు. "ఇప్పుడిది చెప్పాల్నా అమ్మా?"

"చెప్పాల. అక్క మీకు నిజమే చెప్పి పోయింది కదా."

ఆయన తల దించుకుని పక్క ఆకులో అన్నం పెట్టాడు. ఆ పంక్తిలో తర్వాత ఎవరూ నాతో మాట్లాడలేదు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. మరిది భార్య, అంటే అక్క తోడికోడలు, చెంబుతో నీళ్ళు పోయడానికి వచ్చింది. ఇంత కాలంలో ఆమె ఆ ఇంట్లో గొంతు పెంచగా నేను వినలేదు. నా చేతి మీద నీళ్ళు పోస్తూ, "పాస్‌పోర్టుకి యాడ రాసిచ్చేదక్కా?" అని మెల్లగా అడిగింది.

"ఎవురికి?"

"నాకే."

"ఇంట్లో ఏమని చెప్తావు?"

ఆమె వడ్డన జరుగుతున్న గది వైపు తిరిగింది. "చెరువు చూసేదానికని" అంది, లోపలికి వినపడేంత గట్టిగా. చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఆమె ఇంకా దాన్ని నా చేతి మీదకు వంచే ఉంది.