దుబాయిలో అమ్ముడుపోని పడవ

తెలంగాణ ఎప్పుడొస్తుందని ఊరు ఊరంతా ఎదురుచూస్తున్న రోజుల్లో నేను ఒక పడవ ఎప్పుడు అమ్ముడుపోతుందా అని ఎదురుచూశాను. తెలంగాణ మీద పట్టింపు లేక కాదు. కోరుట్లలో దీక్ష శిబిరంలో నేనూ కూర్చున్నాను, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. కాని ఇంటికొచ్చి తలుపేసుకున్నాక దేవుడికి దండం పెట్టుకున్నది మాత్రం పడవ గురించే.

మా ఆయన వడ్రంగి. పెళ్లయిన ఏడాదిలోపే దుబాయి పోయాడు. అప్పటికి నాకు ఐదో నెల. తలుపులు, కిటికీలు బిగించే పని అని తీసుకుపోయారు గాని, కొన్నాళ్లకే ఆ కంపెనీ మూతపడింది. తర్వాత ఒక బొంబాయి ఆవిడ దగ్గర కుదిరాడు. ఆమె భర్త ఇంగ్లీషు దొర. మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక తెరచాప పడవ కొనుక్కుని, అందులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ ఏళ్ల తరబడి దేశాలు తిరిగారట. పడవంటే నాకు తెలిసింది ధర్మపురి దగ్గర గోదావరి దాటించే నాటు పడవ. "గట్ల కాదే, ఇల్లు లెక్క ఉంటది, గాలికే నడుస్తది" అని మా ఆయన ఫోన్‌లో ఎంత చెప్పినా నా బుర్రకెక్కలేదు. ఆ పడవ లోపల చెక్కపని చూసుకోవడానికి ఈయన్ను పెట్టుకున్నారు. కొన్నాళ్లకు దొర పోయాడు. ఆమె ఊళ్లో చిన్న ఫ్లాటులోకి మారి, పడవను అమ్మకానికి పెట్టింది. కాపలాగా మా ఆయన్ను అందులోనే పడుకోమంది. వీసా ఆమె పేరు మీద ఉంది. "పడవ అమ్ముడుపోయేదాకా ఉండు. ఆ తర్వాత నేనే నిన్ను మీ ఊరికి పంపిస్తాను" అని మాటిచ్చింది.

అంటే పడవ అమ్ముడుపోతే మా ఆయన ఇంటికొస్తాడు. అంతకుమించి నాకేమీ తెలియాల్సిన పని లేదు. కడుపులో ఉన్న పిల్ల పుట్టి, నడిచి, అంగన్‌వాడికి పోయే వయసుకొచ్చింది. దానికి తండ్రి అంటే శుక్రవారం శుక్రవారం ఫోన్‌లో వినిపించే గొంతు. పడవ మాత్రం నీళ్లలో అట్లాగే కట్టేసి ఉంది. నాకు సవతి ఉంటే ఇంత మంట ఉండేది కాదేమో, కనీసం ఎదురుగా నిలబడి నాలుగు తిట్టుండేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక నెట్ సెంటర్‌కి పోయి, మా ఆయన చెప్పిన పేరు కొట్టించి ఆ పడవ ఫోటోలు చూశాను. తెల్లగా పొడుగ్గా, నడుమ ఆకాశమంత స్తంభం. లోపల చిన్న వంటగది, మడతబల్ల, ముందువైపు మూలకు పడక. అన్నీ ఉన్నాయి, ఒక్క మా ఆయనే లేడు. ఆ ఫోటోలు తీసింది తనేనని తర్వాత చెప్పాడు. ఒక ఫోటోలో గోడ చెక్క మీద నీళ్ల మరక పెద్దగా కనబడుతోంది.

"అమ్మేదాన్ని గిట్ల మరకలతోని ఫోటో తీస్తరా ఎవలన్న? జర సాటుకు జరిగి తీయరాదు?" అని అడిగాను.

"ఉన్నది ఉన్నట్టు సూపియ్యాలె గదనే" అన్నాడు.

నా మొగుడు ధర్మరాజు అనుకుని ఊరుకున్నాను. వచ్చినవాళ్లు ఎందుకు కొనట్లేదంటే, లోపల తేమ వాసన వస్తోందనీ, పరుపుల గలీబులు పాతబడి పురుగు కొట్టాయనీ చెప్పాడు. అదొక పనా నాకు! నేను సిరిసిల్ల ఆడపిల్లను. మా నాయిన ఇంట్లో మరమగ్గాలున్నాయి, మా దగ్గర సాంచాలంటారు. సాంచాల చప్పుడు లేకుండా నాకు చిన్నప్పుడు నిద్రే పట్టేది కాదు. "కొలతలు చెప్పు, గలీబులు నేను కుట్టిచ్చి పంపుత" అన్నాను. ఆయన కాసేపు నసిగి, చివరికి చెప్పాడు.

సిరిసిల్లకు పోయాను. సమ్మెల మూలాన కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. సాంచాలన్నీ పాలిస్టరు మీదే ఉన్నా మా నాయిన నా కోసం ఒకదాని మీద ముతక నూలు ఎక్కించి, కరెంటు ఉన్నప్పుడల్లా నేసి ఇచ్చాడు. ముదురు నీలం రంగు వేయించాం. "అల్లుడు అస్తడంటే కరెంటు కోసం సాంచ కాడనే పండుకుంట" అన్నాడు ఆయన. మూట కట్టుకుని బయల్దేరిన రోజే బందు. బస్సుల్లేవు. ఒక పసుపు కొమ్ముల వ్యానువాణ్ని బతిమాలి కొడిమ్యాల మీదుగా జగిత్యాల దాకా వచ్చాను. అక్కడ రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. వ్యాను ఆగిపోయింది. చేసేదేముంది, నేనూ దిగి ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాను.

"గా మూటేంది చెల్లె?" అని అడిగింది పక్కనున్న ఒక పెద్దావిడ.

"పడవల పరుపులుంటయక్కా, గా పరుపులకు గలీబుల బట్ట."

"నీ మొగడు పడవల పండుకుంటడా?"

"అవునక్కా, దుబాయిల."

"మావోళ్లు రాత్రి కరెంటుకని పొలంకాడ పంటున్నరు. యాడైతేంది గని తల్లీ, ఎవ్వలూ ఇంట్లైతే పంటలేరు" అని గలగలా నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని ఉల్లిగడ్డ ఘాటు నాకే ఎక్కువ తగిలింది.

మా పక్కింటి ఆపా, అంటే ఉర్దూలో అక్క, పరుపులు, బొంతలు కుడుతుంది. కోరుట్లలో పెళ్లి పరుపు అంటే ఆమె చెయ్యి పడాల్సిందే. కొలతలు చెప్పగానే కళ్లద్దాలు పైకి జరుపుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"నెత్తి దిక్కు ఆరు ఫీట్లు, కాళ్ల దిక్కు రెండు ఫీట్లా? అరె, గిది మనిషికా, మిరపకాయకా?"

"గట్లనే చెప్పిండు ఆపా."

"ఫోన్ల గరగర అన్నది, నువ్వు తప్పు విన్నవ్. లేకుంటే ఆయనకు దిమాక్ ఖరాబైంది. ఒంటిగ ఉంటే గట్లనే అయితది పాపం. దునియాల యాడనన్న కాళ్లకాడ సన్నగుండే పరుపు సూసినవా?"

చూడలేదు మరి. ఆపా చెప్పింది నాకూ నిజమే అనిపించింది. ఆమె తలదిక్కు ఎంతో కాళ్లదిక్కూ అంతే ఉండేట్టు చక్కగా నలుచదరంగా కత్తిరించి, అంచుకు పైపింగు వేసి కుట్టింది. సెలవు మీద వచ్చిన మా పక్క ఇబ్రహీంపట్నం మనిషి ఒకాయన దుబాయి తిరిగి పోతుంటే మూట ఆయన చేతికిచ్చాను. ఇంక పడవ అమ్ముడుపోయినట్టే అని ఆ రోజు పిల్లకు పాయసం కూడా వండిపెట్టాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. బొంబాయి ఆవిడ! ఆపా మా ఇంట్లోనే ఉంది, స్పీకరు పెట్టాను. నాకు ఉర్దూ ఈ వాడలో పెరిగిన పిల్లలకొచ్చినంత రాదు గాని, పని గడుస్తుంది. ఆమె ముందు బాగా నవ్వింది. గలీబులు పట్టలేదని మా ఆయన వాటిని ఆమె ఫ్లాటుకు తెచ్చి చూపించాడట. బట్ట చాలా బాగుందనీ, కాని ఇంత వెడల్పు ఎందుకు కుట్టారనీ అడిగింది.

ఆపా ఊరుకుంటుందా? ఫోను లాక్కుని, "అమ్మా, కాళ్లు కట్టేసుకుని ఎవరైనా పడుకుంటారా?" అని ఉర్దూలో నిలదీసింది.

"ఆ పడక పడవ ముక్కులో ఉంటుంది. అక్కడ పడవే సన్నబడుతుంది" అంది ఆమె. "తలలు దూరంగా ఉంటాయి, కాళ్లు మాత్రం కలవాల్సిందే. పగలు ఎంత కొట్లాడుకున్నా, పడుకుంటే ఒకరి కాళ్లు ఒకరికి తగులుతాయి. మేము అన్నేళ్లూ అట్లాగే పడుకున్నాం."

ఆపా చేతిలోంచి ఫోను గుంజుకున్నాను. సగం ఉర్దూ, సగం తెలుగు, ఏది ముందొస్తే అది అనేశాను.

"మీ కాళ్లు అన్నేండ్లు తగిలినయి, మంచిదేనమ్మా. మా ఆయన కాళ్లెట్లుంటయో నేను మర్చేపోయిన. మీ ఆయన ఇగ రాడు. మా ఆయన బతికే ఉన్నడు. మీకు అమ్మబుద్ధి అయితలేదు, గందుకే వచ్చినోళ్లను వచ్చినట్టే మర్లగొడ్తున్నరు. మీ పడవను మీరు కావలించుకొని ఏడ్వుండ్రి, నా మొగున్ని నాకు పంపుండ్రి!"

ఆమె కోప్పడలేదు, చాలా మెల్లగా మాట్లాడింది.

"నేను అమ్మనన్నానని నీకెవరు చెప్పారు? నా మోకాళ్లకు ఆ పడవ ఎక్కే శక్తి లేదు. వచ్చినవాళ్లకు దాన్ని చూపించేది నీ భర్తే. ఎవరొచ్చినా ముందు అడుగు పలక ఎత్తి, దాని కింద పగిలిన చెక్క చూపిస్తాడు. వాళ్లు బెదిరిపోతారు. ఆ చెక్క మార్చమని సామాను తెప్పించి ఇచ్చి ఏడాది దాటింది. పెద్ద పని కాదని అతనే చెప్పాడు. చేయలేదు. ఇంటికి పోవడం ఇష్టం లేదేమో, అడిగి బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. నీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. ఫోను పెట్టేశాక ఆపా నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపటికి వాళ్లింటికి వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. పరాయి ఆడదాన్ని అన్ని మాటలన్నందుక్కాదు. నా మొగుడికి నా దగ్గరికి రావాలని లేదన్న సంగతి ఇంకో ఆడదాని నోటి నుంచి, అదీ ఆపా ముందర విన్నందుకు.

వెంటనే ఆయనకు ఫోను చేశాను.

"నువ్వు వడ్రంగివేనా?" అన్నాను.

"ఏమైంది?"

"పగిలిన చెక్క ఏడాదిసంది ఎందుకు బాగు చేస్తలేవు?"

"ఉన్నది ఉన్నట్టు సూపియ్యద్దా? మోసం చేసి అమ్మాల్నా?"

"సూపియ్యి. నేనద్దంటలేను. బాగెందుకు చేస్తలేవు, గది చెప్పు."

ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పెళ్లిలో కూడా ఆయన గొంతు నేను సరిగా వినలేదు.

"బయమైతుందే" అన్నాడు మెల్లగా.

"నన్ను సూసా?"

"అందరిని సూసి. బిడ్డ ఫోన్ల అయితే డాడీ అంటది. ఎదురుంగ నిలవడితే అంటదా? నువ్వు గూడ... మనం కలిసి ఉన్నది ఎన్ని రోజులు? నీకు నేనేం తెలుసు? గీ పడవల ఏ పలక మీద కాలు పెడితే కిర్రుమంటదో నాకెరుక. గాలి తిరిగితే ఏ మూలకు నీళ్లు కారుతయో ఎరుక. మనింట్ల నాకు మంచినీళ్ల బిందె యాడ ఉంటదో గూడ ఎరుక లేదు. అచ్చి సుట్టం లెక్క కూసుంట గంతే."

తిట్టడానికే ఫోను చేశాను. నా దగ్గర తిట్లన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నేను ఆయన కోసం ఎదురుచూశాననుకున్నాను గాని, ఆ మనిషి ఎట్లాంటివాడో నాకూ తెలియదని అప్పుడే నాకు తట్టింది. ఆయన ఏ కూర ఇష్టంగా తింటాడో చెప్పమంటే చెప్పలేను. అంత ఏడుపులోనూ కోపం మాత్రం తగ్గలేదు.

"నాకెరుకనా మరి?" అన్నాను. "నేను గూడ నీకు కొత్తదాన్నే. నాకు గూడ బయమే. బయపడుడే అయితే ఇద్దరం ఒక్క ఇంట్ల కూసోని బయపడుదాం. నువ్వాడ, నేనీడ ఎందుకు? రేపు పొద్దుగాల లేచి గా చెక్క మార్చు. మార్చకుంటే ఇగ ఫోన్ చెయ్యకు. బిడ్డకు నేనే ఏదో ఒకటి చెప్పుకుంట."

ఫోను పెట్టేశాను. పెట్టేశాక, నిజంగానే ఇంక ఫోను చేయడేమోనని భయం పట్టుకుంది. ఒక శుక్రవారం గడిచింది. ఫోను రాలేదు. రెండోదీ గడిచింది. బజారుకు పోతే ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాను. పిల్ల ఫోను పట్టుకుని తిరుగుతూ "మోగుతలేదేందమ్మా" అని అడిగింది. ఛార్జింగు లేదని అబద్ధం చెప్పాను. శిబిరంలో కూర్చుంటే ఎవరో పాటందుకున్నారు, నేను పల్లవి మరిచిపోయి మధ్యలోనే ఆగిపోయాను.

మూడో శుక్రవారం మోగింది.

"చెక్క మార్చిన" అన్నాడు. "గలీబులు ఈడనే కత్తిరిచ్చి కుట్టిచ్చిన. ఎవలో కొత్త జంట అచ్చిండ్రు. పడక మీద కూసోని సూసుకొని నవ్వుకున్నరు. అమ్ముడువోయిందే." అంటూనే బొలబొలా ఏడ్చాడు. మగవాడు అంతలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఒక పడవ కోసం ఇంత ఏడుపా అని కాస్త మండిపోయింది కూడా, దాచుకోవడమెందుకు.

"ఏడ్వు, మంచిగ ఏడ్వు" అన్నాను. "ఏడ్సుడైనంక సామాను సదురుకో."

ఆయన వచ్చిన రోజూ బందే. హైదరాబాదు నుంచి జగిత్యాల దాకా ఎట్లాగో వచ్చి, అక్కడి నుంచి ఎవరి బండి మీదో కోరుట్ల చేరాడు. నడి మధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డాడు. ఫోటోలో కన్నా సన్నబడ్డాడు, ఎండకు నల్లబడ్డాడు. లోపలికి రావచ్చా అన్నట్టు నా మొహం చూశాడు. పిల్ల పరిగెత్తుకెళ్లి ఆపా వెనకాల దాక్కుంది. తెచ్చిన బొమ్మ ఇస్తే తీసుకుంది గాని దగ్గరికి పోలేదు. డాడీ అనమని నేను ఎంత బుజ్జగించినా నోరు విప్పలేదు. ఆయన బలవంతం చేయొద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

పొద్దుగూకే వేళకు అన్నం పెట్టాను. ఆయన తలొంచుకుని తింటున్నాడు, నిజంగానే చుట్టంలా, ఏదీ అడగకుండా. పిల్ల వచ్చి నా కొంగు పట్టుకుని, ఆయనకు వినిపించేంత గట్టిగానే అడిగింది.

"అమ్మా, గీ అంకుల్ ఎప్పుడు పోతడు?"

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. నాకు భూమి చీలి లోపలికి పోయినా బాగుండుననిపించింది. పిల్లను కసరబోయాను. ఆయన ముద్ద కంచంలో పెట్టి, దాని వైపు తిరిగాడు.

"పోను బిడ్డా. పడవ అమ్మినం" అన్నాడు.

అది నమ్మలేదు. నిజమా కాదా అని నా మొహంలోకి చూసింది.